దేవరకొండ తమ్ముడి తొమ్మిదో సీను: చూస్తున్నది దయ్యమా, మనమా?

ప్రశ్న చదవని వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి ఒక తమ్ముడు పద్దెనిమిది నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. తొమ్మిదో సీనులో హీరోయిన్ స్నానం చేస్తుంటే వెంటిలేటర్‌లోంచి దయ్యం చూస్తుంది. షూటింగ్ ఇంకా నాలుగు రోజులుందనగా ఆ అమ్మాయి షాట్ల లిస్టు చూసి, "ఇది మేల్ గేజ్ (మగ చూపు), నేను చెయ్యను" అన్నది. తమ్ముడి బాధ ఏమిటంటే: "ఒంటి మీద టవల్ ఉంటుంది, అసభ్యం ఏమీ లేదు, హారర్‌లో ఇది మామూలే. పైగా నా కథలో దయ్యమూ ఆడదే, చివరికి గెలిచేదీ ఆడదే. ఇంక మగ చూపు ఎక్కడిది?"

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. స్నానం సీను పెట్టినందుకు నేను మిమ్మల్ని తప్పు పట్టను. మీరు రాసుకున్న ఏడు షాట్లను తప్పు పడతాను. దయ్యానికి చీర కట్టినంత మాత్రాన కెమెరా ఆడదైపోదు. క్లైమాక్స్‌లో హీరోయిన్ గెలిస్తే తొమ్మిదో సీనులో చేసింది మాఫీ కాదు. సీను తీసేయాల్సిన పని లేదు, షాట్లు మార్చుకోవాలి. ఎలా మార్చుకోవాలో కింద రాశాను. కొంచెం పొడుగైంది, ఓపిక ఉంటే చదవండి.

ఈయనెవరు చెప్పడానికి అనుకుంటారేమో. 1990లలో నల్లగొండలో ఒక టాకీసులో ఆపరేటర్‌గా పనిచేశాను. తర్వాత హైదరాబాద్ పోయి అసిస్టెంట్ ఎడిటర్‌గా, ఎడిటర్‌గా ఐదు దయ్యం సినిమాలకు పనిచేశాను. అందులో రెండు రిలీజే కాలేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు, మీలాంటి వాళ్ల షార్ట్ ఫిల్ములు కట్ చేస్తున్నాను. పుస్తకాలు కొన్ని చదివాను. కానీ ఈ విషయంలో నాకు తెలిసిందంతా రెండు చోట్ల తెలిసింది: ప్రొజెక్టర్ గదిలో ఒకటి, ఎడిటింగ్ టేబుల్ మీద రెండోది.

మీ లిస్టు మళ్లీ చూద్దాం. మొదటి షాటు వెంటిలేటర్ నుంచి, దయ్యం చూపు, అమ్మాయి లోపలికి వస్తుంది. రెండు, బట్టలు కొక్కేనికి తగిలిస్తున్న చెయ్యి. మూడు, పాదాల మీద నీళ్లు. నాలుగు, వీపు మీద పైనుంచి కిందికి టిల్ట్ డౌన్. ఐదు, తడిసిన మెడ క్లోజప్. ఆరు, మళ్లీ వెంటిలేటర్, నెమ్మదిగా జూమ్. ఏడు, ముఖం, కేక.

ఏడింటిలో ఆమె ముఖం చివరి షాటులో తప్ప ఎక్కడా లేదు, గమనించారా? అంటే ఆమె కేక వేసేదాకా మనకు ఆమెతో పరిచయమే లేదు. అంతవరకు ఆమె ఒక చెయ్యి, రెండు పాదాలు, ఒక వీపు, ఒక మెడ. కటిక దుకాణంలో ముక్కలు విడివిడిగా వేలాడదీసినట్టు. ఇంకో సంగతి, ఆరో షాటు వరకు జరిగేదంతా మనకు తెలుసు, దయ్యానికి తెలుసు, ఆమెకు మాత్రం తెలియదు. మీరు ప్రేక్షకుణ్ని తీసుకెళ్లి దయ్యం పక్కన వెంటిలేటర్ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె పక్కన ఒక్క క్షణం కూడా నిలబెట్టలేదు.

ఆ అమ్మాయి వాడిన మాట ఎక్కడిదో కూడా చెప్పుకుందాం. లారా మల్వీ అనే బ్రిటిష్ రచయిత్రి 1975లో ఒక వ్యాసం రాసింది. సినిమాలో చూపులు మూడు అంటుంది: తీసే కెమెరాది, చూసే ప్రేక్షకుడిది, తెరమీద పాత్రలు ఒకరినొకరు చూసుకునేది. మామూలు సినిమా మొదటి రెండింటినీ మూడోదాని వెనక దాచేస్తుంది. హీరో హీరోయిన్‌ను చూస్తున్నాడు కాబట్టి కెమెరా చూసింది, కెమెరా చూసింది కాబట్టి మనం చూశాం, మనదేం తప్పు లేదు అనిపిస్తుంది. చూసేవాడు మగవాడు, చూడబడేది ఆడది, ఈ ఏర్పాటు ఎంత పాతుకుపోయిందంటే ఆడవాళ్లు కూడా ఆ సీట్లోనే కూర్చుని చూస్తారు. మీ సినిమాలో చూసేది ఆడ దయ్యం అన్నారు. ఆ ఆడ దయ్యం వీపు మీద టిల్ట్ డౌన్ ఎందుకు చేస్తుంది తమ్ముడూ? దానికి కావలసింది పగ కదా. పగ ఉన్నది ముఖం చూస్తుంది, గొంతు చూస్తుంది, తలుపుకు గొళ్లెం పడిందా లేదా చూస్తుంది. ఆ టిల్ట్ డౌన్ దయ్యానిది కాదు, మీది.

ఒక చిన్న పరీక్ష. ఇదే సీనులో మీ హీరోను పెట్టి ఊహించుకోండి. మగవాడు స్నానం చేస్తున్నాడు, దయ్యం చూస్తున్నది. నాలుగో షాటు మిగులుతుందా? మిగలదు. వాడి భయాన్ని మీరు ముఖం మీదే తీస్తారు. మన సినిమాల్లో మగవాడు భయపడితే ముఖం కనపడుతుంది, ఆడది భయపడితే ఒళ్లు కనపడుతుంది.

హారర్‌లో ఇది మామూలే కదా అన్నారు. మామూలే. ఎట్లా మామూలయిందో ప్రొజెక్టర్ గదిలో కూర్చుని చూసినవాణ్ని నేను.

ఆపరేటర్ గదికి చిన్న అద్దాల కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లోంచి వెలుగు పోతుంది, ఇంకోదాంట్లోంచి మనం చూడాలి. ఆ కిటికీలో తెర సగం, జనం తలకాయలు సగం కనపడతాయి. ఒకే సినిమాను వారం రోజులు రోజుకు నాలుగు ఆటలు చూస్తే, రెండో రోజు నుంచి తెర మీద ఆసక్తి పోతుంది, తలకాయలు చూడటం మొదలవుతుంది. దయ్యం సినిమాలో హీరోయిన్ బాత్రూంలోకి పోగానే కింద క్లాసులో ఈలలు. లేడీస్ వైపు ఎవరూ ఈల వేయరు, కేక వేయరు. కొందరు పిల్లల తలలు సర్దుతారు, కొందరు కొంగు సర్దుకుంటారు, కొందరు పక్కావిడతో ఏదో మాట్లాడటం మొదలుపెడతారు. రెండు నిమిషాల తర్వాత దయ్యం వచ్చాక గానీ రెండు వైపులా ఒకే సినిమా చూడరు. లేడీస్ గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దమ్మ ఒకసారి నాతో అన్నది: "దయ్యమొస్తే మేం భయపడ్తం, మంచిదే. దయ్యం రాకముందే మీ మొగోళ్లు సంబురపడ్తరేందిరా?" అప్పుడు నవ్వాను. ఆమె అడిగింది చాలా పెద్ద ప్రశ్న అని తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

ఇంకోటి కూడా చెప్పాలి, సిగ్గుగానే. ఆ రోజుల్లో చిన్న ఊళ్లలో మార్నింగ్ షోలకు "బిట్లు" వేసేవాళ్లు, పాతవాళ్లకు తెలుసు. డబ్బింగ్ దయ్యం సినిమా రీలు మధ్యలో ఎక్కడిదో ఒక బూతు ముక్క అతికించడం. ఓనరు చెప్పేవాడు, నేను అతికించేవాణ్ని. నిమిషానికి తొంభై అడుగుల లెక్కన రెండు వందల డెబ్బై అడుగుల ముక్క, మూడు నిమిషాలు. జాయింట్ ఎక్కడ వేయాలి? హీరోయిన్ బాత్రూం తలుపు వేసుకున్న ఫ్రేము దగ్గర. అక్కడే ఎందుకంటే ఆ సినిమా అప్పటికే సగం దారి తీసుకొచ్చి పెట్టింది, మిగతా సగం నేను కలిపాను. తలుపు మూసుకున్న మనిషి వేరు, తర్వాత కనపడే మనిషి వేరు. మనిషి మారిందని ఒక్కడు కూడా అడగలేదు. అడగరు, ముఖం చూస్తే కదా. నా జీవితంలో నేను చేసిన మొదటి ఎడిటింగ్ అదే.

సరే, ఇంత దూరం వచ్చాక విదేశీ సినిమాల మాట కూడా ఎత్తాలి, ఎందుకంటే మీరు 'సైకో' రిఫరెన్స్ పెట్టారు. 1960లో హిచ్‌కాక్ తీసిన ఆ షవర్ సీను ఒక్కదానికే ఏడు రోజులు షూటింగ్ పట్టింది. అందరూ కత్తినీ, వయొలిన్ల మోతనూ కాపీ కొడతారు. దానికి ముందు జరిగేది కాపీ కొట్టరు. లాడ్జి నడిపే నార్మన్ గోడ మీది పటం తీసి, పక్క గదిలో దిగిన మారియన్‌ను కన్నంలోంచి చూస్తాడు. మనం కూడా వాడితో పాటు చూస్తాం. వాడి కన్ను పక్కనుంచి, దగ్గరగా, కన్నంలోంచి వచ్చే వెలుగు పడి మెరుస్తూ కనపడుతుంది. అంటే చూస్తున్నవాణ్ని కూడా హిచ్‌కాక్ చూపించాడు. తర్వాత హత్య అయ్యాక కెమెరా ఎక్కడికి పోతుంది? నేల మీద పడి ఉన్న మారియన్ కంటి మీదికి. తెరిచిన కన్ను, రెప్ప కొట్టదు, కెమెరా దాన్నుంచి తిరుగుతూ వెనక్కి వస్తుంది. ఇందాకటి నుంచి మనం చూశాం, ఇప్పుడు ఆ కన్ను మనవైపు ఉంది, కానీ ఏమీ చూడటం లేదు. నన్నడిగితే ఆ సీనులో భయపెట్టేది కత్తి కాదు, ఈ షాటే. మీ లిస్టులో వెంటిలేటర్ ఉంది, వెంటిలేటర్ దగ్గరి కన్ను లేదు. హిచ్‌కాక్ హీరోయిన్లను పెట్టిన ఇబ్బందుల గురించి చాలా రాశారు, ఆయన్ను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ కాపీ కొట్టేటప్పుడు మొత్తం కొట్టాలి కదా.

1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' ఇంకో పాఠం. మొదటి సీను మొత్తం హంతకుడి కళ్లలోంచే. మాస్కు పెట్టుకున్నాక రెండు కన్నాల్లోంచి చూస్తాం. అక్కను పొడిచింది ఆరేళ్ల పిల్లవాడని తర్వాత తెలుస్తుంది. కానీ సినిమా చివరికి వచ్చేసరికి మనం అల్మారాలో దాక్కున్న లారీ అనే అమ్మాయితో పాటు ఉంటాం, తలుపు చెక్కలు బయటినుంచి విరుగుతుంటాయి. కెమెరా వాడి కళ్లలో మొదలై ఆమె పక్కకు వచ్చి చేరింది. క్యారల్ క్లోవర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ దీని గురించే 1992లో పుస్తకం రాసింది. "ఫైనల్ గర్ల్" (చివరిదాకా బతికి హంతకుణ్ని ఎదిరించే అమ్మాయి) అన్న మాట ఆమెదే. కుర్రాళ్లు హంతకుడితో మొదలుపెట్టి చివరికి ఆ అమ్మాయితో ఊపిరి బిగబట్టి కూర్చుంటారు అంటుంది. మీ "చివరికి గెలిచేది ఆడదే" అన్న వాదనకు బలం ఇక్కడుంది. కానీ చూడండి, అక్కడ చూపు దారి పొడుగునా మారుతూ వస్తుంది. మీ స్క్రిప్టులో పదమూడో సీను దాకా మారదు, క్లైమాక్స్‌లో ఒక్కసారి కత్తి చేతికిచ్చారు. (ఆ లారీ వేషం వేసిన జామీ లీ కర్టిస్, 'సైకో'లో మారియన్‌గా చేసిన జానెట్ లీ కూతురే. తల్లి షవర్‌లో చచ్చిపోయింది, కూతురు అల్మారాలోంచి బతికి బయటపడింది.)

మన సినిమాలకు వద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మీ సీనుకు దగ్గరి చుట్టం 2012లో వచ్చిన రవిబాబు 'అవును'. కొత్త ఇల్లు, కొత్తగా పెళ్లయిన మోహిని, ఆమెను కోరుకునే కంటికి కనపడని మగ ఆత్మ. ఆ సినిమాలో దయ్యం చేసే మొదటి నేరం చూడటమే. ఐడియా చాలా గట్టిది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో చూస్తున్నారన్న భయం మన ఇళ్లలో ఏ ఆడపిల్లకు తెలియదు? హాస్టల్లో, బట్టల షాపు ట్రయల్ రూంలో, బస్టాండు బాత్రూంలో, ముందు పైకి చూసి తర్వాత గొళ్లెం పెట్టే అలవాటు వాళ్లకుంది, మనకు లేదు. మోహినిగా వేసిన పూర్ణ ఆ భయాన్ని ముఖంలో చాలా బాగా పట్టింది. కానీ దయ్యం కనపడదు కాబట్టి దాని చూపు చూపించాలంటే కెమెరాయే దయ్యం కావాలి. కెమెరా దయ్యమైతే మనమూ దయ్యమే. చాటుగా చూడటం తప్పని చెప్పే సినిమా, ఆ చాటు చూపును మనకే టికెట్టు పెట్టి ఇస్తుంది. నాకు ఆ సినిమా ఇష్టం. అయినా కొన్ని షాట్లలో అది ఎవరి వైపు ఉందో నాకు అర్థం కాదు. మీకు ఇంకో మాట, మీ దయ్యం చేసే పనికి 2013 నుంచి చట్టంలో పేరుంది, వాయరిజం (చాటుగా చూడటం) అని. అప్పుడు ఐపీసీ 354-సి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 77వ సెక్షన్.

'అరుంధతి' 2009 సంక్రాంతికి వచ్చింది. మా అత్తగారిది గద్వాల. ఆ సినిమా కథ గద్వాల సంస్థానానిది కదా, అక్కడ హాల్లో ఊరి పేరు వినపడగానే కేకలు. మా అత్తయ్య అయితే సినిమా అంతా, గద్వాలను ఏలిన రాణి ఆదిలక్ష్మీ దేవమ్మ కాలం సంగతులు చెప్తూనే ఉన్నది, ఆ కథకూ ఈ కథకూ సంబంధం లేదని ఎంత చెప్పినా వినలేదు. అది పక్కన పెడితే, ఆ సినిమాలో జేజమ్మ పశుపతిని దేనితో పడగొట్టింది? నాట్యంతో. వాడు చూస్తాడని ఆమెకు తెలుసు. చూపు వాడి బలం అనుకుంటాడు, ఆమె దాన్నే ఉరితాడు చేసింది. వాడు కళ్లప్పగించి చూస్తున్నంతసేపూ ఆమె కత్తులు దగ్గరికొస్తూనే ఉంటాయి. ఆ పాటలో కెమెరా ఆమె అందాన్ని చూపించదా అంటే బాగానే చూపిస్తుంది. కానీ ఆమె ముఖానికి, కళ్లకు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆమె ఏం ఆలోచిస్తున్నదో మనకు తెలుసు, పశుపతికి తెలియదు. మీ సీనుకు ఇది సరిగ్గా తలకిందులు. ఎవరికి ఎంత తెలుసు అన్నది ఎవరి ఒంటి మీద ఎంత బట్ట ఉంది అన్నదానికన్నా ముఖ్యం. అదే సినిమాలో చూపులేని నాట్య గురువు మీద జరిగే ఘోరం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చూడలేని మనిషిని అలా చూపించడం ఏమిటి?

ఆడ దయ్యం శక్తిమంతురాలు కదా, ఇంక ఆమెకు అవమానం ఏమిటి అన్నారు. మన దయ్యాలకు ఆ శక్తి ఎలా వస్తుందో లెక్క తీయండి. నేను పనిచేసిన ఐదింటిలో నాలుగు సినిమాల్లో ఆమె చెరచబడి చచ్చింది. చచ్చాక గానీ నోరు రాలేదు. పగ తీరగానే తెల్లటి వెలుగులో కలిసిపోయింది. బతికి ఉండగా ఫ్లాష్‌బ్యాక్‌లో ఒక పాట, చచ్చాక ఎర్ర కళ్లు. బార్బరా క్రీడ్ అనే ఆస్ట్రేలియా ప్రొఫెసర్ 1993లో, హారర్‌లో ఆడది ఎప్పుడూ బలయ్యేది మాత్రమే కాదు, భయపెట్టేది కూడా ఆమే అని వివరంగా రాసింది. నిజమే. కానీ భయపెట్టే ఆడది మగవాడి భయంలోంచి పుట్టిందా, ఆమె కోపంలోంచి పుట్టిందా అన్నది ప్రతి సినిమాలో విడిగా తేల్చుకోవాల్సిందే.

'చంద్రముఖి' చూడండి. గంగ చేసిన తప్పేమిటి? మూసిన గది తెరిచి చూడాలనుకుంది. హారర్‌లో చూడాలనుకున్న ఆడదానికి శిక్ష పడుతుందని లిండా విలియమ్స్ 1984లోనే రాసింది. ఆ తమిళ సినిమాలో చంద్రముఖి పాట తెలుగులో ఉంటుంది. 1993 మలయాళ మూలంలో అక్కడి నాగవల్లి పాట తమిళంలో ఉంటుంది. ఎవరి ఇంట్లో వాళ్లకు దయ్యం పక్క రాష్ట్రం నుంచి వచ్చిన నాట్యకత్తె. కోరిక, కోపం మన ఇంటి ఆడదానికి ఉండవు, బయటినుంచి వచ్చి పట్టాయంతే అన్నట్టు. మనకు ఆ పాట మన భాషలోనే వినపడుతుంది కాబట్టి ఈ సంగతి పట్టదు. ఇక 2011 'కాంచన'లో ఆత్మ హీరో ఒంట్లోకి వస్తే హాలంతా నవ్వు. ఆడ ఆత్మ ఆడదాని ఒంట్లోకి వస్తే భయం, మగవాడి ఒంట్లోకి వస్తే కామెడీ. ఆ సినిమా చివర్లో, ఆత్మగా వచ్చిన ఆ హిజ్రా కథను కన్నీళ్లతో చెప్పి కొంత సర్దుకుంది, కానీ మొదట నవ్వు అమ్ముకున్న తర్వాతే.

మగవాళ్లు తీస్తే ఇంతే, ఆడవాళ్లు తీస్తే బాగుపడుతుంది అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. ఆడవాళ్లు తీయాలి, అది వేరే సంగతి. మన దగ్గర 2022 'మసూద' మగవాడే తీశాడు. అందులో దయ్యం పట్టింది వయసు పిల్లకు, కానీ కెమెరా ఆ పిల్లను భయంగా చూసిందే గానీ ఆశగా చూడలేదు. మనం ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న ఆ తల్లి కళ్లతో చూస్తాం. (బురఖాను భయానికి గుర్తుగా వాడటం మీద నాకు అభ్యంతరం ఉంది, అది ఇంకో రోజు.)

ఒళ్లు చూపిస్తే చాలు అది మగ చూపే అనుకోకండి. అలంపురం పోయారా ఎప్పుడైనా? దేవరకొండ నుంచి ఒక పూట ప్రయాణం. జోగులాంబ శవం మీద కూర్చుని ఉంటుంది, జుట్టులో తేలు, బల్లి, కపాలం. మీ మేకప్ మ్యాన్‌కు ఆ రూపం చెప్తే దయ్యం గెటప్ అనుకుంటాడు. అక్కడ జనం అమ్మా అని పిల్లల్ని ఎత్తి చూపిస్తారు. అక్కడి మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. తల ఉండదు, తల ఉండాల్సిన చోట తామరపువ్వు. ప్రసవానికి కూర్చున్నట్టు కాళ్లు ముడిచి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉంటుంది. మా ఆవిడ ఆ శిల్పం ముందు చాలాసేపు నిలబడింది. నేను మొహమాటంగా పక్క శిల్పం దగ్గరికి జరిగాను. ముఖం లేదు, ఒళ్లంతా కనపడుతుంది, అయినా అది ఈల వేయడానికి చెక్కింది కాదు. ఎందుకు కాదో నేను మాటల్లో పెట్టలేను. దాని ముందు నిలబడితే మనమే చిన్నగా అయిపోతాం, అంతవరకు చెప్పగలను. మన జాతరల్లో పూనకం వచ్చిన ఆడమనిషి కూడా అంతే. జుట్టు విరబోసుకుని, కళ్లు పైకి తేలేసి, ఊరి పెద్దల్ని పేరు పెట్టి నిలదీస్తుంది. వాళ్లు చేతులు కట్టుకుని వింటారు. అదే జుట్టు, అవే కళ్లు సినిమాలో పెడితే మంత్రగాడు వేపమండలతో కొడతాడు. అందుకే హారర్‌లో ఒళ్లు వద్దు, చెమట వద్దు, నెత్తురు వద్దు అని నేను అనను. ఒళ్లు లేకుండా హారరే లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పి మీ సీనుకు వస్తాను. 2014 ప్రాంతంలో ఒక దయ్యం కామెడీకి ఎడిటింగ్ చేశాను. అందులోనూ స్నానం సీను. రఫ్ కట్‌లో, అంటే మొదటి కచ్చా ఎడిటింగ్‌లో, వీపు షాటు మూడు సెకన్లు పెట్టాను. నిర్మాత చూసి "దాన్ని ఆడించవయ్యా" అన్నాడు. పధ్నాలుగు సెకన్లు చేశాను. మూడు సెకన్లున్నప్పుడు అది ఆమె ఎక్కడుందో చెప్పే షాటు, పధ్నాలుగు సెకన్లయ్యాక అదే సరుకు. డబ్బింగ్‌లో హీరోయిన్‌కు గొంతిచ్చే ఆమె వచ్చింది, చాలా సీనియర్. ఆ ముక్క రెండుసార్లు చూసి మైకులో అడిగింది: "సార్, ఇక్కడ ఊపిరి ఏం ఇవ్వమంటారు? భయమా, హాయా? ఈమెకు ముఖమే లేదు కదా." ఇంజినీరు నవ్వాడు. నేను ఏం చెప్పాలో తెలియక "మామూలుగా ఇవ్వండమ్మా" అన్నాను. ఆమె మామూలుగానే ఇచ్చింది. పధ్నాలుగు సెకన్లు ఒక మనిషి మామూలుగా గాలి పీల్చే చప్పుడు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా ఆ ఊపిరి వినపడితే ఛానల్ మారుస్తాను. అప్పటినుంచి నాకు ఒకటే గుర్తు: ఏ షాటుకైనా ఆమె ఊపిరి ఎలా ఉంటుందో చెప్పలేకపోతే, ఆ షాటు ఆమెది కాదు.

ఇప్పుడు మీ తొమ్మిదో సీను. ముందుగా, మీ కథ జరిగేది పెద్దవూర మండలంలో పాత పెంకుటింట్లో అన్నారు. ఆ ఇంట్లో షవర్ ఎక్కడిది తమ్ముడూ? బకెట్, చెంబు, నీళ్లలో హీటర్ రాడ్, రేకు తలుపు, లోపల గొళ్లెం. బల్బు ఒకటి. మన బాత్రూంలో ఉన్నదంతా భయానికి పనికొచ్చేదే.

ముఖంతో మొదలుపెట్టండి. ఆమె లోపలికి వచ్చి వెంటిలేటర్ వైపు చూస్తుంది. ఆ అలవాటు ప్రతి ఆడపిల్లకూ ఉంటుందని ఇందాకే చెప్పాను. అక్కడ ఏమీ లేదు, ఆకాశం ముక్క. గొళ్లెం వేస్తుంది, ఒకసారి లాగి చూస్తుంది. రాడ్ స్విచ్ ఆపి బకెట్లోంచి తీసి పక్కన పెడుతుంది. చెంబును కుడి వైపు గట్టు మీద పెడుతుంది. ఆ చెంబు పెట్టడం ఇన్సర్ట్ (దాన్ని ఒక్కదాన్నే దగ్గరగా చూపే షాటు) వేయండి, స్పష్టంగా, ఒకటిన్నర సెకను. తర్వాత కెమెరా ఆమె భుజం నుంచి పైకే, ముఖం మీదే. సబ్బు రాసుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది.

అక్కడ తెర నల్లగా చేసేయండి. సబ్బు కళ్లలో పడితే మనకూ కనపడకూడదు. చప్పుడు మాత్రమే: బకెట్లో నీటి చుక్క, ఆమె ఊపిరి, చెయ్యి చెంబు కోసం గట్టు మీద తడుముతున్న చప్పుడు. గట్టు ఖాళీ. చెయ్యి ఇంకా తడుముతుంది. ఎడమ వైపు నుంచి నెమ్మదిగా చెంబు సిమెంటు మీద పెట్టిన చప్పుడు. ఆమె ఊపిరి ఆగుతుంది. ఎన్ని సెకన్లు ఆగాలో ఆ అమ్మాయినే అడగండి. సబ్బు కళ్లు తెరవాలా వద్దా అన్న ఆ ఘడియ ఆమెది, ఆమె మీకన్నా బాగా చెప్తుంది. అప్పుడు ముఖం.

ఇందులో వీపు లేదు, పాదం లేదు, దయ్యం చూపు లేదు. ఖర్చు కూడా తక్కువ, క్రేన్ అక్కర్లేదు. నల్ల తెర మీద పది సెకన్లు ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టగలమా అని భయపడకండి. శబ్దం బాగుంటే ఇరవై కూర్చుంటారు. మీకు దయ్యం చూపు కావాలనే ఉంటే ఒక్కసారి పెట్టుకోండి, కానీ ఆ షాటులో వెంటిలేటర్ ఊచల మధ్య దయ్యం కన్ను కూడా కనపడాలి. చూస్తున్నది ఎవరో దాచకండి.

షూటింగ్ రోజు పద్ధతి గురించి రెండు మాటలు. ఆ అమ్మాయి ఒప్పుకున్నా సరే, ఆ సీనుకు గదిలో కెమెరామన్, మీరు, ఆమె తెచ్చుకున్న మనిషి ఒకరు చాలు. మానిటర్ గుమ్మం వైపు తిప్పి పెట్టకండి. ఎవరి చేతిలోనూ ఫోన్ వద్దు, మేకింగ్ వీడియో ఈ సీనుకు వద్దు. కెమెరా మెమరీ కార్డు ఎవరి దగ్గర ఉంటుందో, వాడని షాట్లు ఎప్పుడు డిలీట్ చేస్తారో ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. స్క్రిప్టులో లేని షాటు అక్కడికక్కడ అడగకండి. "అందరూ చేస్తున్నారు కదమ్మా" అన్న మాట అసలు వద్దు, ఆ మాటతో ఎంతమందిని ఒప్పించారో నేను చూశాను.

థంబ్‌నెయిల్ కూడా మర్చిపోకండి. 2009లో 'జెన్నిఫర్స్ బాడీ' అని ఒక సినిమా వచ్చింది. రాసింది, తీసింది ఇద్దరూ ఆడవాళ్లే, కథ ఇద్దరమ్మాయిల స్నేహం గురించి. స్టూడియో మాత్రం మేగన్ ఫాక్స్ అందాన్ని కుర్రాళ్లకు అమ్మింది. వచ్చినవాళ్లకు కావలసింది దొరకలేదు, కావలసినవాళ్లు రాలేదు. చాలా ఏళ్లకు గానీ దానికి తన ప్రేక్షకులు దొరకలేదు. మీరు సీను ఎంత శుభ్రంగా తీసినా, యూట్యూబ్‌లో తడిసిన జుట్టు ఫొటో మీద ఎర్ర బాణం గుర్తు పెడితే మొదటి వెయ్యి మంది దానికోసమే వస్తారు, కామెంట్లు కూడా అలాగే ఉంటాయి. వాటిని చదవాల్సింది ఆ అమ్మాయి, వాళ్ల అమ్మానాన్న.

ఎడిట్ నన్ను చూడమన్నారు, తప్పకుండా చూస్తాను. రఫ్ కట్ అయ్యాక ముందు ఆ అమ్మాయికి ఒక్కదానికే వేసి చూపించండి. మీరు పక్కన కూర్చుని తెర చూడకండి, ఆమె ఎక్కడ కొంగు సర్దుకుంటుందో చూడండి. ఆ టైంకోడ్ (ఎన్నో నిమిషం, ఎన్నో సెకను) రాసి నాకు పంపండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.